ఇంటి దుబాసీ

బియ్యం డబ్బాలోంచి చెవి మిషన్‌ను అమ్మ మళ్లీ బయటికి తీసింది. మెత్తటి గుడ్డతో తుడిచి, మీట నొక్కి, తన చెవి దగ్గర పెట్టుకుని చూసింది. అది పలకలేదు. మళ్లీ బియ్యంలోకే తోసి మూత పెట్టింది.

"ఆరేదయితే ఈపాటికి ఆరేదమ్మా," అంది చిట్టి.

చిట్టి తమ్ముడు చిన్నాడు ఆ మిషన్‌ను చెవిలోంచి పీకి నీళ్ల గ్లాసులో పడేసి, రెండు జతల బట్టలు సంచీలో కుక్కుకుని వెళ్లిపోయిన రోజు నుంచీ ఇదే వరస. పొద్దున లేవగానే డబ్బా మూత తీయడం, చూడడం, పెట్టడం. ఆ మిషన్ పలికితే వాడు తిరిగొస్తాడన్నట్టు.

వాడు ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. తను పని నేర్చుకుంటున్న ఫర్నిచర్ షాపు వెనక, తనలాగే వినపడని స్నేహితులు ఇద్దరు అద్దెకుంటున్న గదిలో. నడిచి వెళ్లేంత దూరమే. కానీ ఇంట్లోంచి ఎవరూ వెళ్లలేదు.

"నీకు ఇప్పుడు తృప్తిగా ఉందా?" అంది అమ్మ, స్టవ్ వైపు తిరిగి.

"నేనేం చేశానమ్మా?"

"ఏం చేశావా? వాడి మానాన వాడు నోటి పాఠాలకి వెళ్లొస్తుండేవాడు. కష్టమో నష్టమో నాలుగు మాటలు పలికేవాడు. నువ్వు ఆ మైనరు చదువొకటి తెచ్చి ఇంట్లో పడేశావు. వాడు చేతులు ఆడించడం మరిగాడు. నోరు మూతపడింది. చివరికి ఇల్లు కూడా విడిచాడు."

గొంతు బొంగురుపోయి ఉంది. బస్ స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో, ఎక్కడ ఆగి ఉందో చెప్పడం అమ్మ ఉద్యోగం. ఊరంతా ఆ గొంతు విని బస్సెక్కుతుంది. ఇంటికి చేరేసరికి ఆ గొంతు అడుగంటిపోయి ఉంటుంది. ఈ మధ్య పొద్దుటికి కూడా ఊరడం లేదు.

"మైనరేంటే, మైనరు?" కిటికీ పక్క మంచం మీద నుంచి నాన్నమ్మ అందుకుంది. "మా రోజుల్లో మైనరంటే సిల్కు చొక్కా తొడుక్కుని, సెంటు కొట్టుకుని, పనీపాటా లేకుండా వీధులు కొలిచేవాడు. మా మేనమామ ఒకడుండేవాడు. ఆడపిల్లలు కూడా మైనర్లవుతారని ఇప్పుడే వింటున్నా."

"అది కాదు నాన్నమ్మా. డిగ్రీలో మేజరు అంటే పెద్ద సబ్జెక్టు, నాది స్టాటిస్టిక్స్. దానికి తోడు చిన్న సబ్జెక్టు ఇంకోటి తీసుకోవచ్చు. అదే మైనరు. నేను సైగల భాష తీసుకున్నాను."

"పెద్దదాని వల్ల ఏ గొడవా రాలేదు. ఈ చిన్నదే కొంప ముంచిందన్నమాట. లోకంలో ఎక్కడైనా అంతేలే."

చిట్టికి నవ్వొచ్చింది కానీ పైకి నవ్వే ఓపిక లేకపోయింది.

నాన్న స్నానం చేసి వచ్చి గుమ్మంలో ఆగాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయినవాళ్లని మంచి మాటలు చెబుతూ ఓపిగ్గా బయటికి తీసే మనిషి. ఇంట్లో పెళ్లానికీ కూతురికీ మధ్య ఇరుక్కుంటే మాత్రం ఊపిరి బిగబట్టి నిలబడిపోతాడు.

"మీరైనా చెప్పండి దీనికి," అంది అమ్మ.

"ఏం చెప్పమంటావు?"

"ఆ సైగల చదువు వదిలెయ్యమని చెప్పండి. పెద్ద సబ్జెక్టు అంతా పాసైందిగా? డిగ్రీ ఎలాగూ చేతికొస్తుంది. సర్టిఫికెట్టు మీద ఆ రెండో పేరు ఉండడానికి వీల్లేదు. వాడు రేపు ఇంటికొస్తే, చేతులు ఆడించి పిలిచేవాళ్లు ఎవరూ ఉండకూడదు. నోరు తెరిస్తేనే ఇక్కడ పనవుతుందని వాడికి తెలియాలి."

"ఒక్క ప్రాక్టికలే మిగిలిందమ్మా," అంది చిట్టి.

"ఒక్కటే కదా. వదిలెయ్యడం ఇంకా తేలిక."

నాన్న చెప్పులు వేసుకుంటూ, తలెత్తకుండా, "మీ అమ్మ అలిసిపోయిందే," అన్నాడు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

చిట్టి గిన్నెలు కడిగింది. కడుగుతూ ఆలోచించింది. అలిసిపోయింది అమ్మ ఒక్కతేనా? బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఈ ఇంట్లో తనని పిలిస్తే రెండే మాటలు. వాడు ఏమంటున్నాడే? వాడికి ఇది చెప్పవే. అన్నం తింటుంటే, చదువుకుంటుంటే, జ్వరంతో పడుకుంటే కూడా అవే. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసీ మోసీ, మధ్యలో తన మాట ఒకటుందన్న సంగతే మరిచిపోయింది.

"సరేనమ్మా," అంది చేతులు తుడుచుకుంటూ. "ఇవాళ వెళ్లి మానేస్తున్నానని చెప్పేస్తాను."

అంత సులువుగా ఒప్పుకుంటుందని అమ్మ అనుకోలేదు. ఏదో అనబోయి, గొంతు రాక, రెండు వేళ్లతో గొంతు నిమురుకుంటూ ఆగిపోయింది.

* * *

ఆ మైనరును చిట్టి పెద్ద ఆశయంతో ఎంచుకోలేదు. రెండో సంవత్సరంలో, స్టాటిస్టిక్స్‌కి తోడు ఇంకోటి తీసుకోవచ్చన్నప్పుడు తరగతిలో అందరూ కంప్యూటర్ల వైపు పరిగెత్తారు. తను సైగల భాష అని చెప్పింది. పుట్టి పెరిగిందే ఆ ఇంట్లో, చదవకుండానే పాసైపోతానని ధీమా.

మొదటి రోజే ఆ ధీమా కాస్తా నీరుగారిపోయింది. పాఠం చెప్పే మేడం కూడా వినపడని మనిషే. ఒక్కొక్కరినీ లేపి, మీ ఇంట్లోవాళ్ల గురించి చెప్పమంది. చిట్టి తమ్ముడి గురించి చెప్పింది. తిండికి ఒక సైగ, నిద్రకి ఒకటి, రమ్మనడానికి, వద్దనడానికి, అమ్మ కోపంగా ఉందనడానికి. మేడం శ్రద్ధగా చూసి, బోర్డు మీద రాసింది: "ఇది మీ ఇంట్లో ఐదుగురికి తెలిసిన భాష. ఆరో మనిషితో మీ తమ్ముడు ఏ భాషలో మాట్లాడతాడు?"

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, తరగతిలో నేర్చుకున్నవి వాడికి చూపించింది. నిన్న, రేపు, ఎందుకు, ఒకవేళ. 'ఒకవేళ' అన్న మాటకి సైగ ఉందని తెలిసి వాడు ఎంతసేపు నవ్వాడో! ఆరు నెలలు తిరక్కుండా వాడు అక్కని మించిపోయాడు. ఆదివారాలు వినపడని కుర్రాళ్లు చేరే చోటికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి చెప్పే కబుర్లు పెరిగాయి. కానీ వాటిని అందుకోగలిగింది ఇంట్లో చిట్టి ఒక్కతే.

ఇప్పుడు ఆ మేడం ముందే నిలబడి, "మానేద్దామనుకుంటున్నాను," అని చేతులతో చెప్పింది.

మేడం కూర్చోమంది. ఆవిడ టేబుల్ మీద టీ చల్లారిపోయి ఉంది. ఆవిడ మొహంలోనూ సెమిస్టరు చివరి అలసట కనిపిస్తోంది. బతిమాలుతుందేమో, కోప్పడుతుందేమో అని చిట్టి సిద్ధపడింది.

"సరే," అంది మేడం. చేతులు అట్టే కదిలించకుండానే.

"ఎందుకని అడగరా?"

"ఏటా ఒకళ్లిద్దరు మానేస్తూనే ఉంటారు. అడిగితే కారణం చెప్తారు. విన్నాక నేను చేసేదేముంది?"

చిట్టి అవమానపడ్డట్టు తల దించుకుంది. మేడం టేబుల్ మీద వేళ్లతో తట్టి, మళ్లీ తనవైపు చూసేలా చేసుకుంది.

"రేపు పొద్దున్నుంచి కళ్ల ఆసుపత్రిలో నీ ప్రాక్టికల్. వినపడని పేషెంట్లకీ డాక్టర్లకీ మధ్య దుబాసీగా నిలబడాలి. వస్తే చేస్తున్నట్టు. రాకపోతే మానేసినట్టు. ఇందులో నాతో చెప్పాల్సిందేమీ లేదు. కానీ నీతో నేను చెప్పాల్సింది ఒకటుంది."

"ఏంటి మేడం?"

"మీ తమ్ముడు నిన్న వచ్చాడు. ఇవాళ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మతో మాట్లాడాలట. ఒక దుబాసీని ఇమ్మన్నాడు."

చిట్టి వేలితో తనని తాను చూపించుకుంది. "నేను ఉన్నాగా?"

"నువ్వు వద్దన్నాడు."

"ఎందుకు?"

"ఎందుకో నీకు చెప్పమనే అన్నాడు. లేకపోతే నేను చెప్పను." మేడం చేతులు ఇప్పుడు మెత్తగా కదిలాయి. "మా అక్క చేదు మాటకి చక్కెర కలిపి ఇస్తుంది. అటూ కలుపుతుంది, ఇటూ కలుపుతుంది. అసలు రుచి నాకు తెలియదు అన్నాడు."

చిట్టికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాళ్లు బాధపడకూడదనే కదా కలిపింది."

"తెలుసు. వాడికీ తెలుసు. అందుకే నిన్ను తిట్టలేదు. వద్దన్నాడంతే."

"ఎవరు వస్తున్నారు?"

మేడం అరచేతిని తన తలకన్నా చాలా పైకి ఎత్తి చూపించింది. చిట్టికి అర్థమైంది. తన తరగతిలోవాడే. అందరూ నిచ్చెన అని పిలుస్తారు.

* * *

బస్ స్టేషన్ దగ్గర అమ్మ పని దిగే వేళకి చిట్టి గేటు ముందు నిలబడింది. అమ్మ వచ్చింది. ఇద్దరూ నడక మొదలుపెట్టారు. పళ్లబండ్లు దాటారు, సైకిళ్లు బాగుచేసే షాపు దాటారు.

"చెప్పేశావా?" అని చివరికి అమ్మే అడిగింది.

"చిన్నాడు వస్తున్నాడమ్మా ఇవాళ."

అమ్మ నడక ఆగింది. మొహం ఒక్కసారిగా విప్పారింది. "వస్తున్నాడా? నిజంగా? ఈ మాట పొద్దుటే చెప్పొద్దూ? ఇంట్లో కూరలు కూడా లేవు..."

"ఒక్కడే కాదు. వాడి మాటలు నీకు, నీ మాటలు వాడికి చెప్పడానికి ఇంకొకతను వస్తున్నాడు. మా కాలేజీ అతను."

"ఇంకొకతనెందుకు? నువ్వు లేవూ?"

"నన్ను వద్దన్నాడట."

విప్పారిన మొహం అంతలోనే ముడుచుకుపోయింది. "ఇంటి సంగతులు పరాయివాడి ముందా? ముక్కూ మొహం తెలియనివాడి నోటి నుంచి నా కొడుకు మాట నేను వినాలా?"

మేడం చెప్పినప్పటి నుంచీ చిట్టి మనసులో ఉన్నదీ అదే మాట. ఆ క్షణంలో తనూ అమ్మా ఒకే వైపున ఉన్నారు. కానీ చాలా రోజుల తరువాత దొరికిన ఆ దగ్గరితనం ఎందుకో సంతోషం ఇవ్వలేదు.

మిగతా దారిలో అమ్మ కూరలు మాత్రం కొంది.

* * *

చిన్నాడు గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. చొక్కా చేతుల మీద పాలిష్ మరకలు. వాడి వెనకే నిచ్చెన, తల వంచి గడప దాటాడు. నల్ల చొక్కా, చేతికి వాచీ కూడా లేదు. చేతుల మీద దృష్టి మళ్లించేవేవీ ఉండకూడదు. అది తమకి మొదటి పాఠం.

నిచ్చెన ఒక కుర్చీ తెచ్చుకుని అమ్మ పక్కనే, కాస్త వెనగ్గా వేసుకుని, చిన్నాడికి ఎదురుగా కూర్చున్నాడు. చిట్టి ఎక్కడ కూర్చోవాలో తెలియక తచ్చాడింది. ఎప్పుడూ మధ్యలో నిలబడే మనిషి. చివరికి నాన్నమ్మ మంచం అంచున కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతులు తనవి కానట్టు బరువుగా ఉన్నాయి.

"బాబూ, ముందు వాణ్ణి అడుగు, తిన్నాడో లేదో..." అని అమ్మ మొదలుపెట్టింది.

"అతన్నే అడగండమ్మా. నేను ఇక్కడ లేననుకోండి," అన్నాడు నిచ్చెన. "ఈ గదిలో ఎవరు ఏమన్నా అతనికి చెప్తాను. అతను ఏమన్నా మీకు చెప్తాను. నా మాట ఒక్కటి కూడా ఉండదు."

"గుమ్మానికి తల తగిలే మనిషిని లేడనుకోవాలట!" అంది నాన్నమ్మ. "ఏముందిలే, మా ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను అట్లాగే అనుకున్నాను. అలవాటే."

నిచ్చెన చేతులు కదిలాయి. మొహంలో నాన్నమ్మ విరుపు కూడా దించాడు.

చిన్నాడు పకపకా నవ్వాడు.

అందరూ వాడి వైపు తిరిగారు. వాడు నవ్వడం కొత్త కాదు. అందరూ నవ్వుతుంటే చూసి, ఎందుకో తెలియకపోయినా ఆలస్యంగా, మొహమాటంగా నవ్వేవాడు. నాన్నమ్మ జోకు పేలిన క్షణానే, అర్థమయ్యి, గొంతులోంచి పొంగుకొచ్చి నవ్వడం ఆ ఇంట్లో ఇదే మొదలు.

నాన్నమ్మ మనవడి వైపు వింతగా చూసింది. "ఓరి నీ... నా మాటలు నీకు నచ్చుతాయట్రా?"

"చాలా నచ్చాయి నాన్నమ్మా," అన్నాడు నిచ్చెన, చిన్నాడి చేతులు చూస్తూ. "ఇన్నాళ్లూ నువ్వు గొణుగుతుంటే తిడుతున్నావనుకున్నాను."

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఏం అడగాలో తెలియక, "పని ఎలా ఉంది?" అన్నాడు.

అది మర్యాదకి అడిగిన ప్రశ్న. కానీ చిన్నాడు ముందుకి వంగాడు. తను చేస్తున్న బీరువా గురించి చెప్పాడు. తలుపు బరువుకి కిందికి జారిపోతోందని, కీలు ఎక్కడ పెట్టినా అదే తంటా అని. నాన్న కూడా ముందుకి వంగాడు. బరువుకి సమంగా వెనక ఇంకో బరువు వేలాడదీస్తే లిఫ్టు కూడా తేలిగ్గా లేస్తుందని, బీరువా తలుపుకి అంత అక్కర్లేదు కానీ కీలు పై నుంచి మొదలుపెట్టి చూడమని చెప్పాడు. వాడు ఎదురు ప్రశ్న వేశాడు. ఈయన జవాబు చెప్పాడు. వాడు కాదన్నాడు. ఈయన చేత్తో గాలిలో గీసి చూపించాడు. మధ్యలో నిచ్చెన ఉన్నాడన్న సంగతే ఇద్దరూ మరిచిపోయారు.

అమ్మ అలాగే చూస్తూ కూర్చుంది. తన కొడుక్కి ఇన్ని మాటలు ఉన్నాయని ఆమెకి తెలియదు.

"మరి నాతో మాట్లాడాలన్నావట," అంది, వాళ్ల మాటలకి అడ్డం వస్తూ. "ఏంటో చెప్పు."

చిన్నాడు నాన్న వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు. చేతులు మొదట తడబడ్డాయి. తరువాత కుదురుకున్నాయి.

"అమ్మా," అన్నాడు నిచ్చెన.

అమ్మ ఉలిక్కిపడింది. ఒక మగవాడి గొంతు, కొత్త గొంతు, పక్క నుంచి తనని అమ్మా అంటోంది. ఎదురుగా కొడుకు కళ్లు ఆ మాట తనదేనంటున్నాయి.

"నేను ఇక నోటి పాఠాలకి వెళ్లను. మిషన్ పెట్టుకోను. కోపంతో చెప్పడం లేదు. నువ్వు పన్నెండేళ్లు నాకు మాట్లాడడం నేర్పించావు. అద్దం ముందు నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకోమని, నా చెయ్యి నీ గొంతు మీద పెట్టి నేర్పించావు. నువ్వు పడ్డ కష్టం నాకు తెలుసు. కానీ అమ్మా, నేర్పించావే గానీ, ఒక్కరోజైనా నువ్వు నాతో మాట్లాడలేదు."

"మాట్లాడకపోవడమేంటి?" అమ్మ గొంతు పగిలింది. "పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉన్నానుగా! మాట్లాడుతూనే ఉండండి, సైగలు చేశారో వీడికి మాట రాదు అని డాక్టరు చెప్పాడు. నా గొంతు అరిగిపోయేదాకా..."

"అది పాఠం. పలుకు, మళ్లీ పలుకు, సరిగ్గా పలుకు. నీకు ఏం ఇష్టమో నాకు తెలియదు. దేనికి భయపడతావో తెలియదు. నా స్నేహితుల అమ్మల గురించి నాకు నీకన్నా ఎక్కువ తెలుసు."

అమ్మ జవాబు కోసం నిచ్చెన చేతులు ఎదురుచూశాయి.

ఆమె మొహం నాన్న వైపు తిప్పుకుంది. చిన్నాడికి తన పెదవులు కనిపించకుండా. వాడికి తెలియకూడనివి అలా మొహం తిప్పి చెప్పుకోవడం ఆ ఇంట్లో అందరికీ పాత అలవాటు.

"విన్నారా? ఇదీ నాకు మిగిలింది," అంది నాన్నతో, లోగొంతుకతో. "దేవుడు వీణ్ణి నాకు ఇవ్వకపోయినా బాగుండేది."

అన్నాక గానీ ఆమెకి గుర్తుకు రాలేదు. పక్కన ఎవరున్నారో.

నిచ్చెన మొహం పాలిపోయింది. కానీ చేతులు ఆగలేదు. గదిలో ఎవరు ఏమన్నా చెప్తానని ముందే చెప్పాడు. ఆ మాటని ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాడు.

చిట్టి చేతులు ఒళ్లోంచి వాటంతటవే లేచాయి. ఆపడానికో, అడ్డుపడడానికో. కానీ అప్పటికే ఆ మాట వాడిని చేరిపోయింది.

చిన్నాడు అమ్మని చూడలేదు. తిరిగి అక్క వైపు చూశాడు. చేతులు నెమ్మదిగా కదిలాయి.

"అక్కా," అన్నాడు నిచ్చెన వాడి తరఫున. "అమ్మ ఈ మాట ఇంతకు ముందెప్పుడైనా అందా?"

లేదు అని చెప్పడం ఎంత తేలిక. అరచెయ్యి ఒకసారి ఊపితే చాలు. ఇన్నేళ్లూ చేసింది అదేగా. అమ్మ కళ్లు కూడా ఆ ఒక్క సైగనే అడుగుతున్నాయి.

ఎన్నడూ లేనంత అలసట చిట్టిని ఆవరించింది. ఇంకొక్క చెంచా చక్కెర కలిపే ఓపిక కూడా తనలో లేదు.

ఆమె నోటితో జవాబు చెప్పలేదు. చేతులతో తమ్ముడికి చెప్పింది. ఆ చేతుల మాటని నిచ్చెన గొంతు ఇంట్లోవాళ్లకి చెప్పింది.

"అంది. ఒకసారి. నువ్వు బళ్లో కొత్తగా చేరావు. అమ్మ స్టవ్ దగ్గర కూర్చుని అంది. ఎందుకు ఏడుస్తోందని నువ్వు నన్ను అడిగావు."

"ఏమని చెప్పావే వాడికి?" అమ్మ గొంతు దాదాపు వినిపించలేదు.

"తలనొప్పి అని చెప్పాను."

నాన్నమ్మ మంచం మీద కదిలింది.

"అందుకా," అంది అమ్మ. "అందుకా ఆవేళ వాడు వచ్చి నా తల నొక్కాడు?"

ఆ మాటని కూడా నిచ్చెన చేరవేశాడు. చిన్నాడు తల ఊపాడు. కోపం లేకుండా, జరిగింది జరిగినట్టుగా చెప్పాడు.

"నేను నొక్కుతుంటే నువ్వు ఇంకా ఎక్కువ ఏడ్చావు. నొప్పి తగ్గడం లేదనుకున్నాను. నా చేతులు చిన్నవి కదా, బలం సరిపోవడం లేదనుకున్నాను. నువ్వు నిద్రపోయేదాకా నొక్కుతూనే ఉన్నాను."

అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

చిన్నాడు లేచాడు. నాన్న భుజం ఒకసారి తాకాడు. నాన్నమ్మకి తల వంచాడు. నిచ్చెనకి ధన్యవాదాలు చెప్పాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి, ఇంట్లోవాళ్లకి వీపు పెట్టి మెట్టు మీద కూర్చుని బూట్లు అందుకున్నాడు.

"ఆగరా!" అని అరిచింది అమ్మ. ఆ అరుపుకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. వాడు ఎడమ బూటు తొడుక్కుంటున్నాడు.

నిచ్చెన లేవబోయాడు. అమ్మ అతణ్ణి చేత్తో ఆపింది. తరువాత కూతురి వైపు తిరిగింది. పొద్దున వదిలెయ్యమన్న చదువునే అడుగుతున్నానని ఆమెకి తెలిసిందో లేదో.

"చిట్టీ. ఉండు అనాలంటే ఏం చెయ్యాలే? వెళ్లకు అని కాదు. వద్దనడం నాకు వచ్చు. ఉండు అని. నా దగ్గర ఉండు అని."

చిట్టి రెండు అరచేతులూ కిందికి తిప్పి, మెల్లగా దించి, ఆపి చూపించింది.

అమ్మ చేసింది. వేళ్లు బిగుసుకుపోయాయి. ఎవరినో కూర్చోమని గద్దించినట్టు వచ్చింది.

"అలా కాదమ్మా. వదులుగా. మొహంలో కూడా ఉండాలి."

అమ్మ మళ్లీ చేసింది. ఈసారి కాస్త నయం. అలా రెండు చేతులూ గాలిలోనే ఉంచుకుని, గడప దాకా నడిచి, కొడుకు వెనక నిలబడింది.

వాడు ఎడమ బూటు లేసు ముడివేసి, కుడి బూటు అందుకున్నాడు. తల ఇంకా వంచుకునే ఉన్నాడు.